లిస్ప్ లిస్టులో మూడోది కావాలంటే ఎన్ని అడుగులు వెయ్యాలి?

తమ్ముడూ, ముందు నీ ప్రశ్నను నాలుగు ముక్కల్లో చెప్తా, తర్వాత చదివేవాళ్లకు కూడా తెలియాలి కదా. ఉలవపాడు దగ్గర మీ మామయ్యకు రొయ్యల గుంటలున్నాయి. గుంటలో పెట్టిన సెన్సర్ నిమిషానికో రీడింగ్ ఇస్తోంది. వాటిని కామన్ లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చదివి, నీళ్లలో ఆక్సిజన్, అంటే డీఓ, ఎప్పుడు పడిపోతోందో చూద్దామని ప్రోగ్రామ్ రాశావు. ఒక్కో రీడింగ్ ఐదు విలువల లిస్టు, అందులో మూడోది డీఓ. లిస్టులో ఫలానా చోట ఉన్నది తీసే ఎన్త్ ఫంక్షన్‌తో (ఎన్త్ 3 రీడింగ్) అని రాస్తే ఇంకేదో వచ్చింది. డెబ్బై రోజుల డేటా ఎక్కించేసరికి ల్యాప్‌టాప్ ఫ్యాన్ మోగుతూ ఎంతసేపటికీ జవాబు రావడం లేదు. ఒక్కోసారి ‘నిల్ సంఖ్య కాదు’ అని ఎర్రర్ (నిల్ అంటే లిస్ప్‌లో ఏమీ లేదని). పైగా కాలేజీలో స్కీమ్ (లిస్ప్ కుటుంబంలోదే ఇంకో భాష) చెప్పిన సార్ లిస్టు ముందు రాయాలి, నంబర్ తర్వాత రాయాలి అన్నారు. ‘ఏందన్నా ఇది, ఒక్క మూడోది తీసుకోడానికి ఇంత టెన్షనా’ అని అడిగావు.

ఫోన్‌లో తెలుగు కీబోర్డుతో రాస్తున్నాను కాబట్టి కోడ్ కూడా పలికినట్టే తెలుగు అక్షరాల్లో పెడుతున్నా. మెషీన్‌లో ఫంక్షన్ల పేర్లు మామూలుగా ఇంగ్లీషులో కొట్టుకో. నీ సొంత వేరియబుల్ పేర్లు తెలుగులో పెట్టినా ఎస్‌బీసీఎల్ (మనం వాడే కామన్ లిస్ప్ కంపైలర్) ఏమీ అనదు, నేను పెట్టి చూశాను.

నీ కష్టాల్లో చాలావాటికి మూలం ఒకటే. ఎన్త్ పక్కన రాసే అంకెను నువ్వు డోర్ నంబర్ అనుకుంటున్నావు. లిస్టులో ఇళ్లకు డోర్ నంబర్లు ఉండవు. ‘మొదటి గడప దగ్గర నిలబడు, ఇన్ని గడపలు దాటు’ అని చెప్పడమే ఆ అంకె పని. ఇది బుర్రలోకి ఎక్కితే తప్పు ఎక్కడ జరిగిందో నీకే కనపడుతుంది.

లిస్టు లోపల ఏముందో చూడు. ఒక్కో మెంబరుకూ ఒక కాన్స్ సెల్ ఉంటుంది, రెండు అరల పెట్టె లాంటిది. మొదటి అరలో విలువ, రెండో అరలో తర్వాతి పెట్టె ఎక్కడుందో ఆ చిరునామా. ఆఖరి పెట్టె రెండో అరలో నిల్. మొదటి అర తెరిచేది కార్, రెండో అర తెరిచేది కుడర్. రెండోదాన్ని సీడీఆర్ అని రాస్తారు, కుడర్ అని పలుకుతారు. ఈ పేర్లు విని భయపడొద్దు. 1958లో ఎంఐటీలో జాన్ మెకార్తీ లిస్ప్ మొదలుపెట్టినప్పుడు వాళ్ల దగ్గరున్నది ఐబీఎం 704. దాని ఒక్కో వర్డ్ 36 బిట్లు. అందులో 15 బిట్ల అడ్రస్ భాగం ఒకటి, 15 బిట్ల డిక్రిమెంట్ భాగం ఒకటి. అడ్రస్ భాగంలో ఉన్నది తీసేది సీఏఆర్, డిక్రిమెంట్ భాగంలో ఉన్నది తీసేది సీడీఆర్. ఆ మెషీన్ ఎప్పుడో పోయింది, పేర్లు మాత్రం ఉండిపోయాయి. మన ఊళ్లలో సినిమా హాలు పడగొట్టి కల్యాణ మండపం కట్టినా ఆ సెంటర్‌ను ఇంకా హాలు పేరుతోనే పిలుస్తాం చూడు, అలాగే.

ఇప్పుడు మనకు రోజూ కనపడే లిస్టు ఒకటి తీసుకుందాం. ఒంగోలులో ఎక్కి నెల్లూరు వైపు పోతున్నావు. చిన్న స్టేషన్లు కొన్ని వదిలేశాను, ఆ ఊళ్లవాళ్లు ఏమీ అనుకోవద్దు.

దారి = (ఒంగోలు టంగుటూరు సింగరాయకొండ ఉలవపాడు కావలి బిట్రగుంట నెల్లూరు)

(ఎన్త్ 0 దారి) → ఒంగోలు
(ఎన్త్ 3 దారి) → ఉలవపాడు

ఒంగోలు ప్లాట్‌ఫామ్ మీద నిలబడినవాణ్ని ‘ఒంగోలు ఇంకా ఎన్ని స్టేషన్లు’ అని అడిగితే సున్నా అనే చెప్పాలి. సున్నా నుంచి లెక్కపెట్టడం లిస్ప్ వాళ్ల చాదస్తమేమీ కాదు, దాటిన స్టేషన్లను లెక్కపెడుతున్నామంతే. ఎన్త్ చేసే పని రెండే ముక్కలు: చెప్పినన్ని సార్లు కుడర్, ఆఖర్న ఒక్క కార్. కుడర్లు మాత్రం చేసి ఆగేదానికి ఎన్త్‌కుడర్ అని ఇంకో ఫంక్షన్ ఉంది. అది ఆ స్టేషన్ నుంచి మిగిలిన దారి మొత్తాన్ని చేతికిస్తుంది.

(ఎన్త్‌కుడర్ 4 దారి) → (కావలి బిట్రగుంట నెల్లూరు)

దీన్ని గుర్తుపెట్టుకో, తర్వాత పని పడుతుంది.

నువ్వు పెట్టిన రీడింగ్ ఇది:

(2 "04:10" 3.8 7.9 14)

గుంట నంబర్, సమయం, డీఓ, పీహెచ్, ఉప్పదనం. నోటితో లెక్కపెడితే డీఓ మూడోది. దాన్ని చేరడానికి రెండే అడుగులు, కాబట్టి (ఎన్త్ 2 రీడింగ్). నువ్వు మూడు రాసి 7.9 పట్టుకున్నావు, అది పీహెచ్. ఇక్కడ అసలు ప్రమాదం ఏమిటంటే, 7.9 అనేది డీఓగా చూసినా మరీ తప్పుగా అనిపించదు, మధ్యాహ్నం ఎండలో గుంట అంత చూపిస్తుంది కూడా. కానీ తెల్లవారుజామున నాలుగింటికి చూపించదు. రాత్రంతా నీళ్లలోని నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది కదా, పొద్దు పొడిచే ముందే డీఓ అన్నిటికన్నా కిందకు పోతుంది. మీ మామయ్య ఆ అంకె చూసి నవ్వాడన్నావే, ఆయన లిస్ప్ రాకుండానే నీ తప్పు పట్టుకున్నాడు.

నోటి లెక్కే కావాలంటే అదీ ఉంది. ఫస్ట్, సెకండ్, థర్డ్ అని టెన్త్ వరకు పది ఫంక్షన్లు కామన్ లిస్ప్‌లోనే ఇచ్చారు. (థర్డ్ రీడింగ్) అన్నా (ఎన్త్ 2 రీడింగ్) అన్నా ఒకటే. పదకొండోదానికి పేరు లేదు. పదకొండు అంశాల రికార్డును లిస్టులో పెట్టినవాడికి అది చాలు బుద్ధి చెప్పడానికి అనుకున్నారేమో. పాత కోడ్‌లో సీఏడీడీఆర్ లాంటి ముక్కలు కనపడతాయి. మధ్యలో అక్షరాలు కుడి నుంచి ఎడమకు చదువు: డీ, డీ, ఏ. రెండు అడుగులు వేసి విలువ తియ్యి. అంటే ఇదీ థర్డే. ఇలా మధ్యలో నాలుగు అక్షరాల దాకా కలపొచ్చు, కార్ కుడర్లతో కలిపి మొత్తం 30 పేర్లు. కొత్తగా రాసే కోడ్‌లో నేనైతే వాడను, చదివేవాడి కళ్లు నొప్పి.

ఇక అసలు కష్టం, ప్రోగ్రామ్ ఆగిపోవడం. నిమిషానికో రీడింగ్ అంటే రోజుకు 1,440. డెబ్బై రోజులకు 1,00,800. నువ్వు డూ లూప్ పెట్టి, ప్రతి చుట్టులో (ఎన్త్ ఐ రీడింగులు), (ఎన్త్ (- ఐ 1) రీడింగులు) రెండూ తీసి, డీఓ ఎంత పడిందో చూస్తున్నావు. ఆపే షరతులో (లెంగ్త్ రీడింగులు) రాశావు.

ఆ ఎన్త్ ప్రతిసారీ ఎక్కడ మొదలవుతుందో తెలుసా? ఒంగోలులో. కావలిలో దిగి పని చూసుకున్నావు, తర్వాత బిట్రగుంటలో పని. మామూలు మనిషి కావలిలో రైలెక్కుతాడు. నీ ప్రోగ్రామ్ మళ్లీ ఒంగోలు పోయి అక్కడ ఎక్కి టంగుటూరు, సింగరాయకొండ అన్నీ దాటుకుంటూ వస్తోంది. ఏడు స్టేషన్లకైతే ఎవరికీ తెలియదు. 1,00,800 స్టేషన్లకు లెక్క వెయ్యి: సున్నా, ఒకటి, రెండు అంటూ 1,00,799 దాకా కూడితే 508 కోట్ల పైచిలుకు అడుగులు. ఎన్త్ రెండుసార్లు రాశావు, కాబట్టి 1,016 కోట్లు. లెంగ్త్ కూడా లిస్టు చివరిదాకా నడిచే లెక్కపెడుతుంది, ఎక్కడా రాసిపెట్టుకోదు. డూ లూప్‌లో ఆపే షరతును ప్రతి చుట్టుకూ మళ్లీ చూస్తారు, అది ఇంకో 1,016 కోట్లు. మొత్తం రెండు వేల కోట్ల పైన. ఫ్యాన్ మోగక ఏం చేస్తుంది పాపం. (లూప్ మాక్రోలో బిలో అనే మాట తర్వాత లెంగ్త్ రాస్తే ఒక్కసారే లెక్కిస్తుంది, ఆ తేడా గుర్తుంచుకో.)

నీకు కావలసింది పక్కపక్క రీడింగుల జత. దానికి అంకె ఎందుకు? రైలు దిగకుండా కూర్చో.

(లూప్ ఫర్ (ముందు తర్వాత) ఆన్ రీడింగులు
   వైల్ తర్వాత
   డూ (తేడా-చూడు ముందు తర్వాత))

ఇందులో మాయ అంతా ఆన్ అనే మాటలో ఉంది. ఇన్ అని రాస్తే ఒక్కో మెంబరు వస్తుంది. ఆన్ అని రాస్తే ఆ స్టేషన్ నుంచి మిగిలిన దారి మొత్తం వస్తుంది, ఇందాక ఎన్త్‌కుడర్ ఇచ్చినట్టే. దానిలో మొదటి రెండిటికి ముందు, తర్వాత అని పేర్లు పెట్టుకున్నాం. మొత్తం నడక 1,00,800 అడుగులు, రెప్ప వేసేలోగా అయిపోతుంది. ఒక్క జాగ్రత్త: సెన్సర్ పలకని నిమిషంలో రీడింగ్ మొత్తాన్నే నిల్‌గా పెట్టే అలవాటుంటే, వైల్ అక్కడే ఆగిపోతుంది. గుంట నంబర్, సమయం వేసి డీఓ దగ్గర మాత్రం నిల్ పెట్టు. జతలు అవసరం లేకుండా ఒక్కొక్కటీ చూసుకుంటూ పోవడమే అయితే డూలిస్ట్ అనే లూప్ చాలు.

అన్నిసార్లూ వరసగా నడిచే పని ఉండదు అంటావా? నిజమే. ‘మే నెల 14న రాత్రి రెండున్నరకు ఎంత ఉంది’ అని మామయ్య అడిగితే లెక్కేసి ఫలానా రీడింగ్ అని తెలుసుకోవచ్చు, దాని దగ్గరకు ఒక్క గెంతులో పోవాలి. అలాంటిదానికి లిస్టు వద్దు, వెక్టర్ పెట్టుకో.

(కోయర్స్ రీడింగులు 'వెక్టర్)

ఒక్కసారి నడిచి లిస్టును వెక్టర్ చేసి ఇస్తుంది. తర్వాత (ఏరెఫ్ వెక్టర్ 37) అంటే నడక లేదు. ఉలవపాడు మామిడి తోటల్లో చెట్టుకు చెట్టుకు 10 మీటర్లు వదిలి సాలుగా నాటితే, మొదటి చెట్టు నుంచి 37 చెట్లు దాటితే వచ్చేది 370 మీటర్ల దగ్గర ఉంటుందని తోటలోకి పోకుండానే చెప్పొచ్చు. వెక్టర్‌లో అరలు ఒకే సైజు, పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఒక్క గుణకారంతో చిరునామా దొరుకుతుంది. కాన్స్ సెల్స్ మెమరీలో ఎక్కడెక్కడో ఉండొచ్చు, ఒకదాన్ని తెరిస్తేగానీ తర్వాతది ఎక్కడో తెలియదు. చోటు కూడా కలిసొస్తుంది. 64 బిట్ల ఎస్‌బీసీఎల్‌లో కాన్స్ సెల్ 16 బైట్లు, వెక్టర్‌లో ఒక్కో అర 8 బైట్లు.

అలాగని ఎన్త్ కనపడగానే వెక్టర్ అంటూ పరిగెత్తొద్దు. ఐదు అంశాల రీడింగ్‌లో నాలుగు అడుగులు నడిస్తే ఎవరి సొమ్మూ పోదు. పొడుగాటి లిస్టు మీద లూప్ లోపల ఎన్త్ ఉంటేనే చెయ్యి ఆగాలి.

నిల్ సంగతికి వద్దాం. (ఎన్త్ 9 దారి) అని అడిగి చూడు. నెల్లూరు దాటిపోయినా ఎర్రర్ రాదు, నిల్ అని చల్లగా చెప్తుంది. కామన్ లిస్ప్‌లో నిల్ మీద కార్ చేసినా నిల్, కుడర్ చేసినా నిల్. దారి అయిపోయాక కూడా ఖాళీలోనే అడుగులు వేసుకుంటూ పోయి ఖాళీ చేతులతో వస్తుంది. చాలాచోట్ల ఇది సుఖమే, ప్రతిచోటా ‘ఉందా లేదా’ అని అడగక్కర్లేదు. కానీ ఉప్పు నీళ్లకు వైరు తినేసి నీ సెన్సర్ నాలుగే విలువలు పంపిన రోజున (ఎన్త్ 4 రీడింగ్) నిల్ ఇస్తుంది. ఆ నిల్ ఎక్కడో నలభై లైన్ల అవతల సగటు లెక్కలో కూడిక దగ్గర బయటపడుతుంది. నువ్వు కూడిక దగ్గర తప్పు వెతుకుతూ కూర్చున్నావు, అసలు గండి పైన పడింది.

ఇంకో చిక్కు. విలువ ఉండాల్సిన చోట నిజంగానే నిల్ ఉందా, అసలు ఆ చోటే లేదా? ఎన్త్ జవాబు చూసి చెప్పలేవు. అందుకే ఎన్త్‌కుడర్‌ను గుర్తుపెట్టుకోమన్నాను.

(లెట్ ((మిగతాది (ఎన్త్‌కుడర్ 4 రీడింగ్)))
  (ఇఫ్ మిగతాది
      (కార్ మిగతాది)
      (ఎర్రర్ "ఈ రీడింగ్‌లో ఐదో విలువ లేదు")))

మిగిలిన దారి ఉంటే ఆ స్టేషన్ ఉన్నట్టే, అక్కడ దొరికింది నిల్ అయినా సరే. లేకపోతే దారే తెగింది. ఇంత రాయడం బద్ధకమైతే ఈఎల్‌టీ ఉంది, (ఈఎల్‌టీ రీడింగ్ 4). అది లిస్టుకూ వెక్టర్‌కూ రెండిటికీ పనిచేస్తుంది, హద్దు దాటితే ఎర్రర్ ఇస్తుంది. లిస్టు మీద అదీ నడుస్తుంది మళ్లీ, దానికేం రెక్కలు లేవు.

ఈఎల్‌టీలో లిస్టు ముందు, అంకె తర్వాత వచ్చింది చూశావా? ఎన్త్‌లో అంకె ముందు. ఒకే భాషలో పక్కపక్క ఫంక్షన్లకే ఈ తిరకాసు. మీ సార్ చెప్పింది తప్పు కాదు. స్కీమ్‌లో ఉండేది లిస్ట్-రెఫ్, (లిస్ట్-రెఫ్ దారి 3) అని రాయాలి, లిస్టు దాటితే ఎర్రరే. ఎందుకంటే స్కీమ్‌లో ఖాళీ లిస్టు మీద కార్ చెయ్యడమే తప్పు. క్లోజర్ అనే ఇంకో లిస్ప్‌లో మళ్లీ ఎన్త్ అనే పేరే పెట్టి, లిస్టు ముందు రాయమన్నారు. (ఎన్త్ దారి 3). హద్దు దాటితే ఎక్సెప్షన్, వద్దనుకుంటే మూడో ఆర్గ్యుమెంటుగా బదులు విలువ ఇవ్వొచ్చు. ఈమాక్స్ ఎడిటర్‌లో ఉండే ఈమాక్స్ లిస్ప్ మాత్రం కామన్ లిస్ప్ దారే, అంకె ముందు, దాటితే నిల్. నాకు ఇన్నేళ్లయినా క్లోజర్ నుంచి ఇటు వచ్చిన మొదటి రోజు చెయ్యి తడబడుతుంది. దీని గురించి మరీ బెంగ వద్దు. తిరగేసి రాస్తే కామన్ లిస్ప్ టైప్ తప్పని మొహం మీదే చెప్తుంది. నిల్ లాగా దొంగచాటుగా లోపలికి రాదు.

ఇప్పుడు నువ్వు అడగనిది ఒకటి చెప్తా, ఎందుకంటే నేను దీనితో దెబ్బ తిన్నాను. చాలా ఏళ్ల కిందట ఒకచోట సరుకు లారీల లెక్కల ప్రోగ్రామ్ చూసేవాణ్ని. రికార్డు ఒక లిస్టు: లారీ నంబర్, తేదీ, సరుకు దించిన చోట కాటా బరువు, రేటు. బరువు కావలసిన ప్రతిచోటా (ఎన్త్ 2 రికార్డు) అని రాసిపెట్టాం. ఒకరోజు లోడింగ్ దగ్గర తూచిన బరువు కూడా ఉండాలన్నారు. లోడింగ్ ముందు, దించడం తర్వాత కదా అని నేనే దాన్ని తేదీ పక్కన ఇరికించాను. రేటు వాడే చోట్లు సరిచేశాను. బరువు వాడే చోట్లలో కొన్ని మర్చిపోయాను. ఎర్రర్ లేదు, ఏమీ లేదు. లోడింగ్ బరువుకూ దించిన బరువుకూ తేడా కొద్దిగానే ఉంటుంది, కాబట్టి బిల్లులు చూసినవాళ్లకు అనుమానం రాలేదు. రెండు వారాల తర్వాత అకౌంట్స్ ఆయన కాగితం మీద వేసుకున్న కూడికతో పట్టుకున్నాడు. ఆ రాత్రి ఎన్త్ అని ఉన్న ప్రతి లైనూ కూర్చుని వెతికాను.

నీ 7.9 కథ కూడా ఇదే జాతి. అడుగుల లెక్క రాసినప్పుడు ముందు ఎవరైనా ఒకరు కొత్తగా చేరితే వెనక అందరి లెక్కా మారిపోతుంది. మన రైలు ముందు చీరాల చేర్చు, (కాన్స్ 'చీరాల దారి). కొత్త లిస్టులో (ఎన్త్ 3) అంటే ఇక ఉలవపాడు రాదు, సింగరాయకొండ వస్తుంది. కాబట్టి రికార్డులకు అంకె వద్దు, పేరు పెట్టుకో. లిస్టును లిస్టుగానే ఉంచుతూ పేర్లు పెట్టే వీలుందని చాలామందికి తెలియదు.

(డెఫ్‌స్ట్రక్ట్ (రీడింగ్ (:టైప్ లిస్ట్))
  గుంట సమయం డీఓ పీహెచ్ ఉప్పు)

ఆ :టైప్ లిస్ట్ అన్న ముక్కే కీలకం. నీ ఫైల్‌లో ఉన్న మామూలు ఐదు అంకెల లిస్టులే ఇక రీడింగులు. ఆర్ అనే పేరులో ఒక రీడింగ్ ఉంటే, (రీడింగ్-డీఓ ఆర్) అంటే రెండు అడుగులు వేసి డీఓ తెస్తుంది, ఆ రెండు అన్న లెక్క డెఫ్‌స్ట్రక్ట్ చూసుకుంటుంది. రేపు మధ్యలో టెంపరేచర్ చేర్చినా ఆ ఒక్క లైను మార్చి మళ్లీ కంపైల్ చేస్తే చాలు. పాత ఫైళ్లలో మాత్రం ఐదే అంశాలు ఉంటాయి, వాటి సంగతి విడిగా చూసుకోవాలి.

ఒక్కచోటే ఐదూ కావాలంటే డీస్ట్రక్చరింగ్-బైండ్ హాయి.

(డీస్ట్రక్చరింగ్-బైండ్ (గుంట సమయం డీఓ పీహెచ్ ఉప్పు) ఆర్
  ...)

దీనివల్ల ఇంకో లాభం, ఐదుకు తక్కువున్నా ఎక్కువున్నా ఎర్రర్ వస్తుంది. వైరు తిన్న రీడింగ్‌ను ఫైల్ చదివే దగ్గరే పట్టుకుంటావు. నేనైతే చదివే చోట ఇది, మిగతా అన్నిచోట్లా పైన చెప్పిన పేర్లు వాడతాను.

చిన్నవి రెండు. ఏ స్టేషన్ ఎన్ని అడుగుల్లో ఉందో తెలుసుకోవాలంటే (పొజిషన్ 'కావలి దారి), 4 అని చెప్తుంది. వెతికేది స్ట్రింగ్ అయితే :టెస్ట్ #'ఈక్వల్ చేర్చు, లేదంటే కళ్లముందే ఉన్నా లేదంటుంది. విలువ మార్చాలంటే (సెట్ఎఫ్ (ఎన్త్ 2 ఆర్) 4.1) పనిచేస్తుంది. కానీ అలా లిస్టు పొడుగు పెరగదు, లేని చోట పెట్టబోతే ఎర్రర్. కోడ్‌లో కోట్ గుర్తు పెట్టి రాసిన లిస్టును ఇలా మార్చొద్దు, ఏమవుతుందో స్టాండర్డ్ హామీ ఇవ్వదు. మార్చాలనుకుంటే లిస్ట్ ఫంక్షన్‌తో కట్టుకో, లేదా కాపీ-లిస్ట్ చేసుకో.

ఇంకా నీ కోడ్‌లో కొత్త రీడింగ్ రాగానే అపెండ్‌తో లిస్టు చివర తగిలిస్తున్నావు. అపెండ్ ఆ పాత లిస్టు మొత్తాన్నీ కాపీ చేసి చివర ఒక్కటి కలుపుతుంది, అంటే మళ్లీ అదే 508 కోట్ల కథ. ముందు వైపు పెట్టు.

(పుష్ కొత్తది రీడింగులు)

ఒక్క కాన్స్ సెల్, పని అయిపోయింది. ఫైల్‌ను పై నుంచి చదువుతూ పుష్ చేస్తూ పోతే అన్నిటికన్నా తాజా రీడింగ్ తల దగ్గర ఉంటుంది. అప్పుడు నేను ఇంతసేపూ తిట్టిన అంకెకు నీ ప్రోగ్రామ్‌లో ఒక్కచోట నిజమైన అర్థం వస్తుంది. నిమిషానికో రీడింగ్ కదా, (ఎన్త్ 30 రీడింగులు) అంటే అరగంట కిందటి రీడింగ్. కొత్తది చేరగానే అందరి లెక్కా ఒకటి పెరుగుతుంది, పెరగాల్సిందే, అందరూ ఒక నిమిషం పాతబడ్డారు. సెన్సర్ పలకని నిమిషానికి కూడా డీఓ నిల్ పెట్టి ఒక రీడింగ్ వెయ్యమన్నది ఇందుకు కూడా, లేకపోతే నిమిషాల లెక్క తప్పుతుంది. గత గంట డీఓలు ఇలా వస్తాయి:

(లూప్ ఫర్ ఆర్ ఇన్ రీడింగులు
   రిపీట్ 60
   కలెక్ట్ (రీడింగ్-డీఓ ఆర్))

లిస్టులో లక్ష ఉన్నా అరవై అడుగులతో ఆగిపోతుంది. అరవై కన్నా తక్కువ ఉంటే ఉన్నవే ఇస్తుంది, గొడవ చెయ్యదు. ఇక పైన రాసిన జతల లూప్‌లో ఒక్క మార్పు చెయ్యి: లిస్టు ఇప్పుడు కొత్తది ముందు, పాతది వెనక ఉంది కాబట్టి (ముందు తర్వాత) అన్నచోట (తర్వాత ముందు) అని తిప్పి, వైల్ పక్కన ముందు అని పెట్టు. అది మర్చిపోతే డీఓ పడినప్పుడల్లా పెరిగిందని చూపిస్తుంది, రాత్రి పూట ఏరియేటర్ (నీళ్లలో గాలి కలిపే యంత్రం) దగ్గర కాపలా ఉండేవాళ్లు దాన్ని నమ్మి పడుకుంటారు.